ఉద్దానం ఇంకో కోనసీమ కాదండీ

ఉద్దానం ఫొటో ఎవరు పెట్టినా కింద ఒకటే మాట: "అబ్బ, అచ్చం కోనసీమే!" నేను పుట్టింది అంబాజీపేట పక్కన, మెట్టింది సోంపేట పక్కన. రెండు చోట్లా కొబ్బరి పీచు దుమ్ము పీల్చినదాన్ని కనక ఈ తగువు తీర్చే పెత్తనం నేనే తీసుకుంటున్నాను. అచ్చం కాదు. దగ్గరగా కూడా కాదు. కోనసీమ చూద్దామని ఉద్దానం బయల్దేరితే రెండో పూటకే విసుగొస్తుంది. పడవలుండవు, కాలవ గట్టు మీద రిసార్టులుండవు, గోదారి మీద సూర్యాస్తమయం ఉండదు. ఉన్నది వేరే.

తెలియనివాళ్ళ కోసం: శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, పలాస దాటాక ఇచ్ఛాపురం దాకా, ఒక పక్క మహేంద్రగిరి కొండలు, ఇంకో పక్క బంగాళాఖాతం. మధ్యలో ఉన్న పట్టీ అంతా ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇలా మండలాలు. హౌరా రైలు మార్గమూ, పదహారో నంబరు జాతీయ రహదారీ రెండూ దీని మధ్యలోంచే పోతాయి. అంటే లక్షలమంది కిటికీలోంచి చూసి "భలే పచ్చగా ఉందే" అనుకుని భువనేశ్వర్ వెళ్ళిపోతారు.

ఆ పచ్చదనం దగ్గరే నా పేచీ. మా పుట్టింటి పచ్చదనం గోదావరి పెట్టిన భిక్ష. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలితే కాలవలూ బోదెలూ పట్టుకుని పెరట్లోకి నడిచొచ్చేస్తాయి. నల్లటి ఒండ్రు నేల. మా నాన్న గట్టు మీద మొక్క పాతితే మళ్ళీ దాని మొహం చూసేది దింపు మొదలయ్యాకే. ఉద్దానంలో గోదారి కాలవల్లాంటివి లేవు. ఇసుక నేల, లోపలికి వస్తే ఎర్ర నేల. వాన కురవాలి, లేదా బావిలోంచి తోడాలి. మా అత్తగారు కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఎండాకాలం వస్తే కొబ్బరి మొక్క కొబ్బరి మొక్కకీ కడవతో నీళ్ళు మోసేవారట. నేను ఓసారి మా కాలవల గొప్పలు చెప్పుకుంటుంటే చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే, "మీకు కాలవలున్నాయి గానీ, మాకేటున్నాయమ్మా? కడవలున్నాయి" అన్నారు. ఆ తర్వాత ఆవిడ దగ్గర కాలవల ఊసెత్తలేదు నేను.

నీళ్ళు తేడా అయితే తోటా తేడాయే. కోనసీమలో కొబ్బరి వరసగా ఉంటుంది, కింద అరటో కోకోనో. ఉద్దానపు తోటలోకి వెళితే ముందు గందరగోళంగా కనిపిస్తుంది. కొబ్బరి పక్కన పనస, పనస నీడలో జీడి, జీడిని ఆనుకుని మామిడి, కంచె దగ్గర మునగ. ఎవరో గుప్పెళ్ళతో గింజలు చల్లేసినట్టు. కానీ అందులో లెక్కుంది. ఒక ఏడు జీడి పూత మాడితే పనస ఆదుకోవాలి. పనస ధర పడిపోతే కొబ్బరికాయ. ఏదీ లేకపోతే మునక్కాడలు. వాననే నమ్ముకున్న నేల మీద ఒక్క పంటనే నమ్ముకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆ తోటల మధ్య సైకిలు పట్టేంత ఇసుక బాటలు, రెండు పక్కలా మొగలి పొదలు. వానాకాలంలో మొగలి పూసినప్పుడు వాసన పొద కనపడక ముందే వస్తుంది. సరిహద్దు దాటి ఒడిశాలోని గంజాం జిల్లాకి పోతే ఆ పువ్వుతోనే అత్తరు తీస్తారు.

మీరు ఫొటో తీసుకునే ఆ తోటలో చాలా చెట్లు వయసులో చిన్నవి, గమనించండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సరిగ్గా ఈ పట్టీ మీదే తీరం దాటింది. నలభై, యాభై ఏళ్ళ చెట్లు రాత్రికి రాత్రి వేళ్ళతో సహా లేచిపోయాయి. మా మావయ్యగారి తోటలో నిలబడినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వరి పోతే మళ్ళీ కార్తె చూసి నాటుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆయన అరవై దాటాక మళ్ళీ మొక్కలు పాతారు. ఊళ్ళో కుర్రాళ్ళు చాలామంది హైదరాబాదు, ముంబై, గల్ఫు, అండమాను పోయారు. అంతకు ముందు మాత్రం పోలేదా అంటే, వాళ్ళ తాతలు రంగం పోయేవారు. రంగూన్‌ని ఇక్కడ ముసలివాళ్ళు ఇప్పటికీ రంగమనే అంటారు, పక్క ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా.

సరే, ఎక్కడికి వెళ్ళాలి అని అడిగితే నేను ముందు మందస అంటాను.

మందస ఒకప్పుడు సంస్థానం. ఊరు చిన్నది, కొండలు బాగా దగ్గర. పొద్దున్నే బజారులో నిలబడితే వీధి చివర నీలంగా మహేంద్రగిరి వరస. వాసుదేవ పెరుమాళ్ గుడి ఇక్కడే ఉంది. గోదావరి జిల్లాల గుళ్ళు చూసిన కళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. మనకి అలవాటైన రాజగోపురపు హంగు కాదు, పూరీ భువనేశ్వర్ వైపు చూసే పద్ధతిలో ఒంపు తిరిగి పైకి లేచిన శిఖరం. లోపల మాత్రం పెరుమాళ్ళు, తిరుప్పావై, దద్ధ్యోజనం. కట్టడం ఒడియా, ఆరాధన శ్రీవైష్ణవం, పూజారి మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు. పాడుబడిపోయిన ఈ గుడిని చినజీయరు స్వామి చొరవతో మళ్ళీ నిలబెట్టారు. రద్దీ తక్కువ. గంటసేపు గోడల మీది బొమ్మలు చూసుకుంటూ తిరిగినా "కదలండి కదలండి" అనేవాళ్ళుండరు.

ఒడియా, తెలుగు కలిసిపోవడం గుడితో ఆగదు. 1936 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక గీత పడింది. గీత భూమి మీద పడింది గానీ వంటిళ్ళలో పడలేదు. కవిటి, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. మా తోటికోడలు ఫోనులో వాళ్ళమ్మతో ఒడియాలో మొదలుపెట్టి, కోపం రాగానే తెలుగులోకి దిగుతుంది. ఇంకా లోపలికి, కొండల మీద, సవరల ఊళ్ళు. సంత రోజున వాళ్ళు కొండచీపుర్లు, చింతపండు, పసుపు, అనాసపళ్ళు దించుతారు. సంతకి వెళితే బేరం మరీ గీసిగీసి ఆడకండి. ఆ చీపురు ఎంత దూరం నడిచి వచ్చిందో వీపున మోసినవాళ్ళకే తెలుసు.

మందస పేరు చెప్పి గున్నమ్మ పేరు చెప్పకపోతే మా అత్తగారు ఊరుకోరు. కొండ మీద అడవి ఉంది, అందులో కట్టెలున్నాయి, కొట్టుకుంటే నేరం అన్నది జమీందారీ. మందస రైతులు ఎదురు తిరిగారు. 1940లో గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపితే సాసుమాన గున్నమ్మ చనిపోయింది. అప్పటికి ఆవిడ నిండు గర్భిణి. ఈ ప్రాంతంలో ఆవిడని వీర గున్నమ్మ అంటారు. అదే ఏడు మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. దేశంలో అన్ని ఊళ్ళుండగా రైతు సభ ఇక్కడికెందుకొచ్చిందో ఆ కట్టెల తగాదా చూస్తే అర్థమవుతుంది. మందస కోట గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోట చూసినా చూడకపోయినా గున్నమ్మ ఊరికి ఓసారి వెళ్ళి రండి.

ఇక మందస కోవా. దీని గురించి పెద్దగా రాయను. పాలకోవా అంటే పంచదార ముద్ద అనుకునేవాళ్ళు ఒక్కసారి తిని చూడండి. పొద్దుటే వెళ్ళండి, సాయంత్రానికి మంచివి అయిపోతాయి.

మహేంద్రగిరి శిఖరం దాదాపు 1,500 మీటర్ల ఎత్తు, ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో. పైన రాతి గుళ్ళున్నాయి, భీముడి పేర ఒకటి, కుంతి పేర ఒకటి, ధర్మరాజు పేర ఒకటి. పరశురాముడు ఇంకా అక్కడే తపస్సు చేసుకుంటున్నాడని నమ్మకం. శివరాత్రికి ఇటువైపు జనం కూడా కొండెక్కుతారు. జీపు మీద వెళ్ళాలంటే పర్లాకిమిడి మీదుగా చుట్టి పోవాలి. వానాకాలంలో మాత్రం వద్దు, మబ్బు తప్ప ఏమీ కనపడదు, దారీ మంచిది కాదు.

ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది బారువలో. నాకు ఈ మొత్తంలో బాగా ఇష్టమైన చోటు ఇదే, అందుకే కాస్త పక్షపాతం ఉంటుంది. ఒకప్పటి రేవు. సరుకూ జనమూ ఎక్కి దిగిన ఊరు ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారంతో బతుకుతోంది. లైట్‌హౌసు ఉంది, సముద్రంలో మునిగిపోయిన పాత ఓడ శిథిలం ఉంది, డైవింగ్ నేర్చినవాళ్ళు దాని కోసం వస్తుంటారు. నాలాంటివాళ్ళకి ఒడ్డు చాలు. నది మొగ దగ్గర నిలబడితే ఒక పక్క తియ్యనీళ్ళు, ఒక పక్క అలలు, వెనక్కి తిరిగితే కొండలు. కొండ, నది, సముద్రం మూడూ ఒక్కచోట నిలబడి చూడగలిగే వీలు మా కోనసీమలో లేదు, ఒప్పుకుంటున్నాను. మాకు కొండంటే క్యాలెండరులో చూసేదే.

చలి తగ్గే రోజుల్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖవాళ్ళు గుడ్లని తీసి కంచె వేసిన ఇసుకలో పూడ్చి కాపాడతారు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్లో వెళితే పొద్దుటి పూట వాటిని సముద్రంలోకి వదలడం చూడొచ్చు. అరచేతిలో పట్టేంత పిల్లలు. దయచేసి చేత్తో ఎత్తి సెల్ఫీలు తీసుకోకండి. ఫ్లాష్ అసలే వద్దు, అవి వెలుతురుని బట్టే సముద్రం ఎటుందో కనిపెడతాయి. మీ ఫోను వెలిగితే మీ వైపే నడిచొస్తాయి పాపం. ఇంకో హెచ్చరిక: ఇక్కడి అలలు విశాఖలో లాగే మోసం చేస్తాయి. నది మొగ దగ్గర ఈతకి దిగకండి. వల లాగే మరకాళ్ళు "దిగొద్దు బాబూ" అంటే వాదన పెట్టుకోకండి.

పక్షుల సంగతి రెండు ముక్కల్లో. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలంలో పెలికాన్లూ పెయింటెడ్ స్టార్కులూ వస్తాయి. ఊరి చింతచెట్ల మీదే గూళ్ళు. అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు గానీ ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. ఎక్కణ్ణుంచి వచ్చినా ఊరివాళ్ళకి ఇంటి ఆడపిల్ల పురిటికొచ్చినంత సంబరం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతో పాటు నత్తగుల్ల కొంగలు దిగుతాయి. రెండూ ఒకే ప్రయాణంలో చూడాలనుకోకండి, కాలాలు వేరు.

సోంపేటకి చూడదగ్గ పెద్ద గుడో కోటో లేదు. బీల ఉంది. వాన నీరంతా చేరి నిలిచే పల్లపు నేల. వరి, చేపలు, నీటి పక్షులు, పశువుల మేత, అన్నీ ఆ తడి మీదే. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నారు. పనికిరాని బీడు అని కాగితాల మీద రాశారని ఊళ్ళు భగ్గుమన్నాయి. 2010 జూలై 14న కాల్పులు జరిగి రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్లాంటు రాలేదు. ఇప్పుడు వానాకాలం చివర్లో బీల గట్టు మీద నడిస్తే తెల్ల కొంగలు, తామరలు, మోకాలి లోతు నీళ్ళలో వల విసిరేవాళ్ళు. బ్రహ్మాండమైన దృశ్యమే, కాదనను. మా ఆడపడుచు అయితే ఫొటోగ్రాఫరు ఎవరైనా కనిపిస్తే ఊరుకోదు. "బాగుందేటి? బాగుండకేటి, దీనికోసం లాఠీలు తిన్నాం" అంటుంది. ముందు నడిచింది ఆడవాళ్ళే.

పలాస గురించి చెప్పకపోతే జీడిపప్పు కోపగించుకుంటుంది. పలాస, కాశీబుగ్గ కలిసిపోయిన జంట ఊళ్ళు, అందం వెతుక్కునేవాళ్ళు వేరే చోట వెతుక్కోండి. కానీ జీడి బట్టీ ఒకటి చూసి తీరాలి, ఎవరైనా తెలిసినవాళ్ళుంటే లోపలికి తీసుకెళతారు. జీడి పిక్కల వ్యాపారం ఎనభై కిలోల బస్తా లెక్క. పిక్కని ఉడికించో కాల్చో, ఆరబెట్టి, పెంకు పగలగొడతారు. పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే కొట్టేవాళ్ళు చేతులకి ఆముదమో బూడిదో పట్టించుకుంటారు. తర్వాత పప్పుని వేడికి ఆరబెట్టి, పైపొర ఒలిచి, జల్లెడ పట్టి, రకాలుగా విడదీస్తారు. ఒలిచేదీ ఏరేదీ దాదాపు అంతా ఆడవాళ్ళే. డబ్బా మీద 180, 240, 320 అని ఉంటుంది చూడండి, అది పౌండు తూకానికి వచ్చే గింజల సంఖ్య. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. ఈ బట్టీలకి ఉద్దానం పిక్క ఒక్కటే చాలక ఆఫ్రికా నుంచి కూడా తెప్పిస్తారు. కాబట్టి "పక్కా లోకల్" అన్నవాడిని నమ్మే ముందు రెండు గింజలు నోట్లో వేసుకోండి. వంటకి గుండు పప్పు కొనకండి, డబ్బు దండగ. బద్ద తీసుకోండి.

తిండి. వేసవికి ముందు వస్తే పచ్చి జీడిపప్పు దొరుకుతుంది. చేతులు పాడుచేసుకుని మా అత్తగారు ఒలిచి, మునక్కాడలతో కలిపి వండితే ఆ పూట ఎవరూ మాట్లాడరు. పనస పొట్టు ఆవపెట్టిన కూర గోదారివాళ్ళ సొత్తని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కానీ కాయ ఎక్కణ్ణుంచి వస్తుందో ఇక్కడికొచ్చాక చూశాను. కవిటి వైపు రామయ్యపుట్టుగలో లేత పనసకాయలు లారీలకెత్తుతుంటే ఆ గుట్టలు చూడాలి. బెంగాలు, బీహారు దాకా పోతాయి. పొద్దున చోడి అంబలి, పక్కన ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ళు. చోళ్ళంటే రాగులే. హోటళ్ళలో ఇవేవీ దొరకవు, అక్కడ పూరీ, ఇడ్లీ, పరోటానే. ఎవరింటికైనా వెళ్ళాలి. భయం లేదు, పరిచయమైన పది నిమిషాలకి "బోంచేసి ఎల్లండి" అంటారు, మొహమాటానికి కాదు.

నీళ్ళ గురించి అడుగుతారని తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉంది, ఏళ్ళ తరబడి ఉంది, కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా గట్టిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఊళ్ళకి గొట్టాల్లో మంచినీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే. చుట్టపుచూపుగా వచ్చి రెండు రోజులుండేవాళ్ళకి భయం అక్కర్లేదు. సీసా నీళ్ళు కొనుక్కోండి, తప్పులేదు. కానీ ఎవరింట్లోనైనా గ్లాసు ఇస్తే దాన్ని అనుమానంగా వెలుతురుకి ఎత్తి చూడకండి. మా ఇంట్లో ఒకాయన అలా చూశాడు. మావయ్యగారు ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు.

ఎప్పుడు రావాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. పనస, జీడి, తాబేలు పిల్లలు కావాలంటే మార్చి, ఎండ ఓర్చుకోవాలి. అక్టోబరు మాత్రం తుపాన్ల నెల, వార్తలు చూసుకుని బయల్దేరండి. అమ్మవారి సంబరాలు జరిగే ఊరు తగిలితే ఆ రాత్రి కదలకండి. గుండెకి తప్పెట కట్టుకుని, వాయిస్తూ, గెంతుతూ, పాడుతూ తెల్లార్లూ ఆడే తప్పెటగుళ్ళు మా కోనసీమలో నేను చూడలేదు. ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కి కూడా వాయింపు తప్పరు.

కారులో రావొచ్చు గానీ, విశాఖ నుంచి రైలయితే మేలు. కుడి చేతి కిటికీ పట్టుకోండి. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు, తెల్లటి గుట్టలు కనిపిస్తాయి. పలాసకి ఎక్స్‌ప్రెస్సులు చాలా ఆగుతాయి. ఆ తర్వాత సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట, ఝాడుపూడి, ఇచ్ఛాపురం. చిన్న స్టేషన్లకి ప్యాసింజరే దిక్కు. ఇంకోటి, సోంపేట స్టేషను సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. దిగి ఆటో మాట్లాడుకోవాలి. బస పలాస కాశీబుగ్గలోనో ఇచ్ఛాపురంలోనో చూసుకోండి, లాడ్జీలున్నాయి, గొప్పగా ఉండవు. కవిటి తోటల్లోకి వెళ్ళాలంటే పెద్ద కారు ఇసుకలో దిగబడుతుంది, ఆటోవాడినే అడగండి. బల్లిపుట్టుగ, రామయ్యపుట్టుగ, ఇలా ఏదో ఒక పుట్టుగ పేరు చెబితే తీసుకెళతాడు. తోటలోకి అడుగుపెట్టే ముందు మాత్రం యజమానిని ఒక మాట అడగండి. "ఏటి బావూ, ఏటి కావాలి?" అని పలకరిస్తే కంగారుపడకండి, రమ్మని పిలవడమే అది. అచ్చం కోనసీమలా ఉందండీ అని మాత్రం ఆయనతో అనకండి.